పనివాడు దొరకని తుపాకి

కోనసీమలోనో, భీమవరం చుట్టుపక్కలో, రాజమండ్రి పాత వీధుల్లోనో మండువా లోగిలి ఇంకా కూలకుండా నిలబడి, అందులో ఒక జోడుగొట్టాల తుపాకి ఉందంటే, దాని వెనకాల ఒక బాబుగారు కూడా ఉంటారు. ఊరు ఆయన్ని సొంత పేరుతో పిలవడం ఎప్పుడో మానేసింది. తుపాకీ బాబుగారంటే చాలు, రిక్షావాడు కూడా ఇంటి ముందు దింపుతాడు. ఆయన పేల్చగా చూసినవాళ్లు ఊళ్లో లేరు, తుడవగా చూడనివాళ్లూ లేరు. కాఫీ గ్లాసు మీ చేతికొచ్చేలోపు పెట్టె తెరుచుకుంటుంది. ఎర్ర మఖ్మల్ గుంటలో తుపాకి, గొట్టాల మీద అక్కడక్కడ గోధుమరంగు మచ్చలు, కర్ర మీద వార్నిష్ పెచ్చులు. వెంటనే ఆ మాట: "ఏం చెప్పమంటారండీ, మా తాతగారి నాటిది. మళ్లీ నల్లరంగెక్కిద్దామంటే సరైన పనివాడు దొరకట్లేదండి, ఆయ్." ఈ మాట ఆయన ముప్పై ఏళ్లుగా అంటున్నారు. ఆ పనివాడు దొరక్కుండా జాగ్రత్త పడుతున్నది స్వయానా బాబుగారేనన్నది నా అభియోగం.

ముద్దాయి తరఫున చెప్పుకోవాల్సింది ముందు చెప్పుకుందాం. తుపాకి బాగుచేయడం పాత్రలకి మాట్లేయడం లాంటిది కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకి తయారు చేయడానికే కాదు, మరమ్మతు చేయడానికీ లైసెన్సుండాలి. కాబట్టి నాగలి కర్రు సాగగొట్టే కమ్మరిని, ట్రాక్టరు ఇరుసు తిప్పే లేతు మేస్త్రీని పిలిచి "కాస్త చూడవోయ్" అనడానికి లేదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కొల్లేటి బాతులకీ, పాపికొండల అడవిపందులకీ ఊపిరాడింది గాని, తుపాకి పనివాళ్లకి ఆడలేదు. వేట లేకపోతే తుపాకి చెడదు, చెడకపోతే పనివాడికి పూట గడవదు. బీహారులో ముంగేరు ఈ విద్యకి పేరుపడ్డ ఊరు, కలకత్తాలో పాతకాలపు తుపాకి కొట్లున్నాయి. అంత దూరం పట్టుకెళ్లాలంటే లైసెన్సు జిల్లాకే చెల్లుతుందా, రాష్ట్రమంతా చెల్లుతుందా, దేశమంతానా అన్న లెక్క ముందు తేలాలి. పైగా తాతగారు పోతే తుపాకి వారసుడికి వస్తుంది గాని, లైసెన్సు రాదు, దానికి కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక, కాకినాడ కలెక్టరు ఆఫీసులో ఎవరెవరి బల్లల మీద కాగితాలు నడుస్తాయో కంఠతా పట్టిన కోనసీమ బాబుగారు అమలాపురంలో మళ్లీ ఓనమాలు దిద్దుకోవాల్సొచ్చింది. ఇవన్నీ నిజాలే, ఒప్పుకున్నాను. కాని ఇవన్నీ అడ్డాలు మాత్రమే. పెళ్లి సంబంధాలకీ ఇంతకన్నా పెద్ద అడ్డాలే వస్తాయి. బాబుగారు ముగ్గురు కూతుళ్ల పెళ్లిళ్లు చేశారు.

అసలు ఆ మచ్చలెందుకొచ్చాయో చూస్తే అనుమానం మరికాస్త బలపడుతుంది. అంతర్వేది మీదుగా వచ్చే ఉప్పుగాలి, చుట్టూ చేపల చెరువులు, ఏడాదిలో సగం రోజులు చెమట ఆరని వాతావరణం: ఇనుముకి ఇంతకన్నా పాడుచోటు లేదు. దానికి బాబుగారు చేసే సేవ తోడవుతుంది. మహర్నవమి నాడు ఆయుధపూజ. తడిపసుపు, కుంకుమ, కొబ్బరినీళ్లు, పైన రెండు బంతిపూలు. మర్నాడు తుడుస్తారు గాని, పైపైనే. పక్క పలక మీద నెమలికంటి ముల్లంత సన్నగా చెక్కిన వేటకుక్క బొమ్మ ఉంటుంది. దాని కంట్లో నిరుడు పెట్టిన కుంకుమ ఇప్పటికీ ఉంటుంది, ఆ కుంకుమ చుట్టూ సన్నగా తుప్పు ఉంగరం. ఆ పైన కొబ్బరినూనె రాస్తారు. జుట్టుకి మంచిదైంది గొట్టానికి మాత్రం మంచిది కాకుండా పోతుందా అని ఆయన తర్కం. అది కొన్నాళ్లకి జిగురై దుమ్ము పట్టి కూర్చుంటుంది. ఇక ఎన్నికలొస్తే తుపాకులు స్టేషన్లో అప్పజెప్పమని కబురొస్తుంది. 2024లో మార్చి 16న షెడ్యూలొస్తే లెక్కింపు జూన్ 4న. మండువేసవిలో తుపాకి పరాయింటి మూల నిలబడి, మెడకి చీటీ కట్టించుకుని తిరిగొస్తుంది. ఆ చీటీని బాబుగారు విప్పరు. సర్కారు కూడా ఈ ఇంటికి భయపడిందనడానికి అదొక దాఖలా.

ఇప్పుడు పనివాళ్ల సంగతి. ముప్పై ఏళ్లలో ఎవరూ తగల్లేదా అంటే తగిలారు. బఫింగ్ చక్రం పెట్టి ఇత్తడి బిందెలా మెరిపిస్తానన్నవాణ్ణి బాబుగారు పంపేశారు. మంచి పని చేశారు, చక్రం ఆనితే వేటకుక్కతో పాటు గొట్టాల మీది ముద్రలన్నీ అరిగిపోయేవి. కాస్టిక్ సోడా, నైట్రేటు కలిపి మరగబెట్టిన తొట్టిలో ముంచి గంటలో నల్లగా తీసిస్తానన్నవాణ్ణీ పంపేశారు. అదీ మంచిదే. జోడుగొట్టాల తుపాకిలో రెండు గొట్టాల్నీ, మధ్యనున్న పట్టీల్నీ అతికించేది సీసం, తగరం కలిసిన టంకం. కాగే కాస్టిక్ దాన్ని తినేస్తుంది, పట్టీ కిందకి దూరి లోపల్నించి పుండు చేస్తుంది. ఇలాంటి తుపాకికి తగిన పద్ధతి నెమ్మదిగా తుప్పు పట్టించడం. గొట్టాన్ని జిడ్డు లేకుండా కడిగి, పలచని ఆమ్లపు మందు రాసి, తేమగా ఉన్న పెట్టెలో పెడతారు. పైన ఎర్రటి తుప్పు సన్నగా పొడుచుకొస్తుంది. అప్పుడు మంచినీళ్లలో ఉడకబెడితే ఆ ఎరుపు నలుపవుతుంది. ఉక్కు పీచుతో ఆ పొడిని మెత్తగా దులిపి మళ్లీ మందు. ఇలా ఆరేడు సార్లో, పది సార్లో చేశాక నేరేడుపండు పై నిగనిగ లాంటి నలుపొస్తుంది. ఇందులో తేమపెట్టె పని గోదావరి గాలి తాతగారి హయాం నించీ ఉచితంగా చేసి పెడుతూనే ఉంది, ఉడకబెట్టేవాడే రాలేదు.

ఆ పద్ధతి తెలిసినవాడూ ఎప్పుడో ఒకప్పుడు తగులుతాడు. అప్పుడు చూడాలి బాబుగారి ముఖం. బఫింగ్ చక్రం వాణ్ణి గంభీరంగా పంపించిన మనిషి ఇతని ముందు తడబడతారు. ఎందుకంటే తెలిసినవాడు గొట్టాల మీద చెయ్యి వెయ్యడు. ముందు కింది కర్రకున్న మీట నొక్కి, కర్ర ఊడదీసి, గొట్టాల్ని తిరగేసి, అడుగు చూస్తాడు. తుపాకి జాతకమంతా అక్కడే ఉంటుంది. లండనులో పరీక్షకి నిలిచిన గొట్టానికి ఒక ముద్ర, బర్మింగ్‌హామ్‌లో నిలిచినదానికి మరొకటి. బెల్జియంలోని లీజ్ ఊళ్లో తయారైన దానికి కోడిగుడ్డు ఆకారపు గీతలో మూడు రోమన్ అక్షరాలు, ఈ, ఎల్, జీ. మరి పైనున్న ఇంగ్లీషు పేరో? పైన ఉన్నది చాలాసార్లు అమ్మినవాడి పేరు. కలకత్తాలో మాంటన్, రొడ్డా లాంటి కొట్లు తమ పేరు చెక్కించుకుని అమ్మేవి. బెల్జియం చవక తుపాకుల మీద ఇంగ్లీషు వాసనేసే పేర్లు చెక్కడమూ మామూలే. మనూళ్లో 'బొంబాయి మిఠాయి' బొంబాయి నించి వచ్చిందని ఎవరైనా అనుకుంటున్నారా?

బాబుగారి ఇంటి పురాణం 'లండను దొర స్వహస్తాలతో తాతగారికిచ్చిన' తుపాకి మీద నిలబడి ఉంది. అడుగున కోడిగుడ్డు ముద్ర ఉంటే దొర ఎగిరిపోతాడు, స్వహస్తాలు ఎగిరిపోతాయి, వాయిదాల్లో కొన్న తాతగారొక్కరే మిగుల్తారు. గొట్టం మీద మెలికల చారలుంటే ఇంకో ప్రమాదం. అది డమాస్కస్ గొట్టం. ఇనుము, ఉక్కు పేడులు మెలేసి అతికినది. ఆ చారలు చూసి బాబుగారు కోనసముద్రం ఉక్కే ఇదంటారు. నిజామాబాదు దగ్గరి కోనసముద్రంలో కరిగిన ఉక్కు పారశీకందాకా కత్తులకి పోయిన మాట నిజమే, కాని ఈ గొట్టానికీ దానికీ పేరువరసే తప్ప రక్తసంబంధం లేదు. పనివాడు అదీ చెప్పేస్తాడు. ఇందులో ఈనాటి తూటా వేస్తే గొట్టం పగలొచ్చండి, పాత నల్ల తుపాకిమందుకి చేసినదండి, గోడకే బాగుంటుందండి అంటాడు. చెయ్యి తెలిసినవాడికి చదువూ వచ్చుంటుంది. బాబుగారికి కావాల్సింది చెయ్యి ఉండి కన్ను లేని పనివాడు. అటువంటివాడు లోకంలో లేడు గనక ఆయన వెతుకులాట ఎన్నాళ్లైనా సాగుతుంది.

"తాత మీద ప్రేమని ఇంత నిర్దయగా విప్పి చూడాలా, ఆ తుపాకి మెరవాలన్న కోరికలో తప్పేముంది" అని అడిగేవారుంటారు. ప్రేమని కాదనను. కాని ప్రేమే అయితే మెరుపెందుకు? గొట్టం మధ్యలో నలుపు పోయి తెల్లబడిన చోటు ఒకటుంటుంది. తాతగారు ఎడమచేత్తో పట్టుకుని పట్టుకుని అరగదీసిన చోటది. ఆ తుపాకి మీద తాతగారి సంతకం లాంటిది ఏదైనా ఉందంటే అదొక్కటే. పాత తుపాకులు సేకరించేవాళ్లు అసలు పూత ఎంత అరిగినా దానికే విలువకడతారు, కొత్త పూతకి ధర తగ్గిస్తారు. సరిగ్గా ఆ చోటునే బాబుగారు కప్పేయమంటున్నారు. పోనీ, ఆయన్ని పూర్తిగా తప్పు పట్టలేను. పదెకరాల చెరువు లీజుకిచ్చి, మేత ధర, రొయ్య కౌంటు తప్ప వేరే మాట వినపడని వీధిలో ఆయన్ని పక్కింటి ఆసామి నించి వేరు చేసేది ఆ పెట్టె ఒక్కటే. పెట్టె నెలరోజులు ముంగేరులో ఉంటే, ఆ నెలరోజులూ వచ్చినవాళ్లకి ఏం చూపిస్తారు?

పేరున్న పనివాడొకడు రాజమండ్రి వచ్చాడని తెలిస్తే బాబుగారు వెంటనే కబురు పెడతారు. అతనొచ్చి అరుగు మీద కూర్చుంటాడు. కాఫీ వస్తుంది, పెట్టె తెరుచుకుంటుంది. అతని బొటనవేలు కింది కర్ర మీట వైపు కదలగానే, "ఉండండి, ముందు కాజా తినండి, తాపేశ్వరందండి, ఆయ్" అంటూ బాబుగారు తుపాకి తన ఒళ్లోకి తీసుకుని, పంచె కొంగుతో పైపైన తుడుస్తారు.