టులెట్ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం:
టులెట్. డబుల్ బెడ్‌రూమ్. ఫ్యామిలీకి మాత్రమే. మంజీరా నీళ్లు కలవు. అడ్వాన్సు రెండు నెలలు. అగ్రిమెంటు పదకొండు నెలలు.

అవతారిక: హైదరాబాదు నగరంలో గేట్లకూ కరెంటు స్తంభాలకూ వేలాడుతూ కనిపించే ఈ సూత్రానికి కర్త ఎవరో ఇదమిత్థంగా తేలలేదు, బోర్డు రాసిన పెయింటరు లేఖకుడే గాని కర్త కాడు. తక్కువ అక్షరాలతో ఎక్కువ అర్థాన్ని, అదీ సందేహానికి తావులేకుండా చెప్పడం సూత్ర లక్షణమని శాస్త్రకారుల మతం కాగా, ఈ రచన మొదటి నియమాన్ని నిష్ఠగా పాటించి, రెండవదాన్ని ఓనరుగారి నోటికి వదిలిపెట్టింది.

ప్రతిపదార్థం: టులెట్ = అద్దెకు ఇవ్వబడును; డబుల్ బెడ్‌రూమ్ = రెండు పడక గదులు గల ఇల్లు, అందులో రెండవది మంచం పడితే బీరువా పట్టనిది; ఫ్యామిలీకి మాత్రమే = పెండ్లి అయినవారికి, అదీ చుట్టాల రాకపోకలు మితంగా ఉన్నవారికి; మంజీరా నీళ్లు = నగరానికి కృష్ణా గోదావరుల నీరే అధికంగా వస్తున్నా పాత పేరు వదలని కుళాయి నీరు; అడ్వాన్సు = చేరేనాడు మొత్తంగా పోయి వెళ్లేనాడు తగ్గి వచ్చే సొమ్ము; అగ్రిమెంటు = స్టాంపు కాగితం మీద నోటరీ ముద్రతో వెలసిన ఒప్పందం; పదకొండు నెలలు = ఏడాదికి ఒక నెల తక్కువ.

వ్యాఖ్య: తక్కిన పదాలు సుగమాలే గాని చివరిది గంభీరం. ఏడాది అనడానికి ఏమి అడ్డు వచ్చి సూత్రకారుడు పదకొండు దగ్గర ఆగాడని శంక. దీనికి సంప్రదాయజ్ఞులు చెప్పే సమాధానం ఇది: 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం పదిహేడవ సెక్షను ఏడాదికి మించిన కౌలు పత్రాలనూ, ఏటేటా సాగే కౌళ్లనూ తప్పక రిజిస్టరు చేయించాలన్నది గనుక, ఆ గీత దాటకుండా ఒక నెల ఇవతలే నిలబడితే సబ్ రిజిస్ట్రారు ఆఫీసు మెట్లెక్కే పని తప్పుతుంది. చట్టం రిజిస్టరు చేయించమన్నది ఏడాదికి మించినదాన్నే గాని ఏడాదిని కాదు గదా, మరి నిండు పన్నెండు నెలలు రాస్తే దోషమేమిటని పూర్వపక్షులు అడుగుతారు. అంచున నడిచేవాడి కంటె అడుగు ఎడంగా నడిచేవాడు నిశ్చింతగా ఉంటాడని సిద్ధాంతులు బదులిస్తారు. ఈ వాదం ఇంతవరకు రమణీయమే. అయితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇదే సెక్షనును సవరించి, గడువుతో నిమిత్తం లేకుండా స్థిరాస్తి కౌలు పత్రాలన్నింటికీ రిజిస్ట్రేషను తప్పనిసరి చేసిందనీ, 1999 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ఆ సవరణ తెలంగాణకూ వారసత్వంగా సంక్రమించిందనీ ఎరిగినవారికి, ఈ పదకొండు ఇప్పుడు ఏ ప్రయోజనమూ లేని ఆచారంగా కనిపిస్తుంది. మూలాన్ని కొట్టేసిన తరువాత కూడా టీక బతికి ఉండడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఫలం ఏమనగా, రిజిస్టరు కాని పత్రాన్ని కోర్టువారు అందులోని షరతులకు రుజువుగా స్వీకరించరు. ఇంట్లో ఉన్నది అద్దెదారుగానా, మరొక హోదాలోనా అన్నటువంటి అనుబంధ విషయానికి మాత్రం చూస్తారు. అప్పుడు ఇరుపక్షాలవారు చర్చించి, తెల్లకాగితం మీద చిత్తు రాసి, కొట్టేసి, మళ్లీ రాసిన షరతులన్నీ పక్కకు పోయి, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ముందుకు వస్తుంది. నెలనెలా సాగేదిగా భావించబడే ఆ కిరాయిని పదిహేను రోజుల నోటీసుతో ఇరువురిలో ఎవరైనా ముగించవచ్చునని దాని నూటయారవ సెక్షను. రెండు నెలల నోటీసని అగ్రిమెంటులో పెద్ద అక్షరాలతో ఉన్నదే అని అద్దెదారు వాపోవచ్చును గాని, రాత కంటె రిజిస్ట్రేషను బలీయం.

1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఏమైనదని మరొక శంక. న్యాయమైన అద్దె నిర్ణయించడానికి రెంట్ కంట్రోలరునూ, బకాయి, ఉపకిరాయి, సొంత అవసరం వంటి కారణాలు చూపనిదే ఖాళీ చేయించరాదన్న కట్టడినీ ఏర్పరచిన ఆ చట్టం నేటికీ పుస్తకంలో ఉన్నది. అయితే 2005 నాటి సవరణ నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలకు మించిన అద్దె గల కట్టడాలను దాని నీడ నుండి తొలగించింది. ఆ మొత్తానికి నేడు నగరంలో బైకు నిలిపే చోటు దొరికితే గొప్ప.

"ఫ్యామిలీ" శబ్దంలో అభిధ కంటె వ్యంజనకే బలమెక్కువ. వాచ్యార్థం కుటుంబం, ఫోను చేసినప్పుడు అడిగే ఇంటిపేరు, సొంతూరు, వంటింట్లో ఏం వండుతారన్న ప్రశ్న వ్యంగ్యార్థాలు. బోర్డు మీద రాయడానికి సిగ్గుపడేదాన్ని అడగడానికి సిగ్గుపడకపోవడం ఈ ధ్వని విశేషం.

అడ్వాన్సు విషయంలో 2021 నాటి కేంద్రపు నమూనా అద్దె చట్టం నివాసగృహాలకు రెండు నెలల అద్దెను మించరాదన్నది. పేరులోనే ఉన్నట్లు అది నమూనా, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప అద్దెదారుకు అక్కరకు రాదు. వెళ్లేనాడు అందులోంచి ఒక నెల సొమ్మును "పెయింటింగు"కని కోసుకోవడం ఆచారం. సహజమైన అరుగుదల పోగా ఇల్లు తీసుకున్న స్థితిలోనే అప్పగిస్తే చాలునని 1882 చట్టం నూటయెనిమిదవ సెక్షను చెప్పుచుండగా, గోడ రంగు వెలిసిపోవడం అరుగుదల కాక మరేమిటో ఏ ఓనరూ వివరించలేదు. మూలంలో లేనిదేదీ రాయనని ప్రతిజ్ఞ చేసిన టీకాకారుడు కోలాచల మల్లినాథ సూరి పుట్టినది మెతుకుసీమలోని నేటి కొల్చారమని ప్రతీతి. అక్కడికి కొన్ని గంటల దూరంలోనే మూలంలో లేని పెయింటింగు లెక్కకు ఎక్కడం టీకాకారులకు తలవంపు.

తాత్పర్యం: ఇల్లు ఉన్నది, తగినవారు రావలెను, తగినవారెవరో వచ్చిన తరువాత చెప్పబడును.

పాఠాంతరం: అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్ ప్రాంతపు ప్రతులలో మూడవ పదానికి బదులు "బ్యాచిలర్స్ కూడా" అన్న పాఠం కనిపిస్తున్నది. దీన్ని ప్రక్షిప్తమని తోసిపుచ్చేవారు లేకపోలేదు గాని, ఆ ప్రతులలో అద్దెను ఇంటికి గాక తలకు లెక్కగడుతున్నందున అది వేరే శాస్త్రమనీ, దానికి వేరొక టీక అవసరమనీ చెప్పడం యుక్తం.