నీలిమందు లేని పంచె

మా ఇంట్లో బాత్‌రూములు రెండు. అందులో ఒకటి ఆదివారం మధ్యాహ్నాలు నాది. తలుపు సందులో పాత దుప్పటి కుక్కి, వాషింగ్ మెషీన్ మీదికి ఎన్‌లార్జర్ ఎక్కించి, ఎర్రబల్బు వేస్తే అదే డార్క్‌రూమ్. ఆ సమయంలో చుట్టాలెవరైనా వస్తే మా ఆవిడ "ఆయనకి కాస్త ఒంట్లో బాలేదు" అంటుంది. మూడు గంటలుగా బాత్‌రూములో ఉన్న మనిషి గురించి అంతకన్నా మర్యాదైన మాట దొరకదు మరి.

ఇన్నేళ్లూ మామూలు కాగితంతో కాపురం సజావుగానే సాగింది. ఈమధ్య బుద్ధి వక్రించి వార్మ్‌టోన్ ఫైబర్ కాగితం తెప్పించాను. అందులో వెండి రేణువులు మరీ సన్నంగా ఏర్పడతాయి. ఆ సన్నదనం వల్లే నలుపు కాస్తా గోధుమరంగు వైపు మొగ్గుతుంది. కాగితం కూడా తెల్లగా కాక మీగడ రంగులో ఉంది. ధర చెప్పను. ఇంట్లోనూ చెప్పలేదు.

మొదటి బోణీ తాతయ్యది. అమ్మ వాళ్ల నాన్న. పంచె కట్టుకుని, చుట్ట పట్టుకుని అరుగు మీద కూర్చున్నప్పుడు పదో తరగతి సెలవుల్లో నేనే తీశాను. అలవాటు కొద్దీ 12 సెకన్లు వెలుగిచ్చి డెవలపర్‌లో వేస్తే తాతయ్య రాలేదు. వెనకున్న తలుపొక్కటే వచ్చింది. ఈ కాగితం అంత నిదానం. టెస్ట్ స్ట్రిప్పులు బెండకాయల్లా తరిగి తరిగి, 26 సెకన్ల దగ్గర దారికి తెచ్చాను. ట్రే ఊపుతుంటే ముందు తలుపు, తర్వాత చుట్ట, కళ్లు, అన్నిటికన్నా ఆఖర్న పంచె మడతలు తేలాయి. బొమ్మని నిలబెట్టే హైపోలోంచి తీసి లైటేసి చూద్దును కదా, గోధుమరంగు లేదు సరికదా, పాచిపట్టిన ప్రహరీలా పచ్చటి ఛాయ!

ఫైబర్ కాగితం హైపోని పీల్చుకుంటుంది. అదంతా వదలాలంటే గంటసేపు నీళ్లు మారుస్తూ కడగాలి. మాదేమో రోజు విడిచి రోజు నీళ్లొచ్చే కాలనీ.

"ఏమండీ, అవి ట్యాంకరు నీళ్లు!" తలుపవతల నుంచి మా ఆవిడ.

"తాతయ్యకి" అన్నాను.

"గోదారి ఒడ్డున పుట్టిన మనిషి. ఆ స్నానమేదో అక్కడే చేసి రావాల్సింది."

రాత్రంతా ఆరేసరికి తాతయ్య వేగిన అప్పడంలా ముడుచుకున్నాడు. రెండు లావుపాటి నిఘంటువుల కింద పెట్టి అణిచాను. నా చేతుల్లో వాటికి పడ్డ మొదటి పని అది. తీసి చూస్తే పచ్చదనం పోయి, చుట్ట అచ్చం పొగాకు రంగు! మొహం మాత్రం ఓ పిసరు నల్లబడింది. ఆరితే ముదురుతుందన్న సంగతి మర్చిపోయి వెలుగు తగ్గించలేదు.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని, దూరంగా పట్టుకుని చూసింది. మళ్లీ దగ్గరగా చూసింది.

"బాగుంది గానీ, మా నాన్న మాసిన పంచె ఏనాడూ కట్టలేదురా."

"మాసింది కాదమ్మా, వార్మ్‌టోన్."

"ఏ టోనైతేనేం. అమ్మ నీలిమందు పెట్టి ఆరేస్తే కొంగ రెక్కలా ఉండేది."

అప్పుడు వెలిగింది. ఇన్నాళ్లూ నేను వాడిన కాగితంలో ఉన్న ఆ చల్లటి నీలిఛాయ, అమ్మమ్మ జాడింపు బకెట్‌లోది. మీగడ రంగు కాగితం మీద తాతయ్య చాకిరేవుకి వెయ్యాల్సిన పంచెతో కూర్చున్నాడు.

అమ్మ ఫొటో చేతికిస్తూ అంది: "గంటసేపు కడిగానంటున్నావు. ఆఖరి నీళ్లలో రెండు చుక్కలు నీలిమందు వెయ్యకపోయావా?"