ఊడదీసే హక్కు: ఒక లేసు సూది ఆత్మకథ

నేను లేసు అల్లే సూదిని. సూది అంటారు గానీ నాకు కన్నూ లేదు, మొనా లేదు. చివర చిన్న కొక్కెం, నడుమ వేలు ఆనడానికి కాస్త పలచగా నొక్కిన చోటు, అంతే నా ఒళ్ళు. నరసాపురం, పాలకొల్లు వైపు సన్న నూలు దారంతో అల్లే చేతుల్లో ఉండే ఉక్కు జాతి మాది. ఊలుతో పనిచేసే అల్యూమినియం, ప్లాస్టిక్, వెదురు చుట్టాలు లావుగా, రంగురంగులుగా ఉంటారు. హైదరాబాదు ఫ్లాట్లలోనూ, అమెరికాలో తెలుగువాళ్ళ ఇళ్ళలోనూ యూట్యూబ్ చూసి కుందేలు బొమ్మలూ టోపీలూ అల్లుకునేవాళ్ళ దగ్గర కాపురం చేసేది ఎక్కువగా వాళ్ళే. ఆత్మకథ అన్నాక పుట్టుక, కష్టాలు, కొంత సొంత డప్పు ఉండాలి. నా పుట్టుకలో విశేషమేమీ లేదు, ఉక్కు తీగను తెగ్గొట్టి సానబట్టారు. కష్టాలు నావి కావు, నన్ను పట్టుకున్న వేళ్ళవి. ఇక డప్పు కొట్టుకోవాలన్నా నాకు వచ్చింది ఒక్క విద్యే. కాబట్టి నా బతుకులో చెప్పదగ్గది ఒక్క ప్రశ్నే మిగిలింది. అదే సూది, అదే దారం, అదే కుట్టు ఒక ఇంట్లో సరదాగా ఉండి, మరో ఇంట్లో చాకిరీ ఎందుకవుతుంది?

జవాబు నేను పనిచేసే తీరులోనే ఉందని నా నమ్మకం. మగ్గం మీద వందల పోగులు ఒక్కసారే బిగిసి ఉంటాయి. స్వెటరు అల్లే జంట సూదుల మీద వరసకు వరసంతా కుట్లు ఎక్కి కూర్చుంటాయి. నాకు ఒక్క ఉచ్చు చాలు. అందులోంచి దూరి, దారాన్ని పట్టి వెనక్కి లాగితే కొత్త ఉచ్చు పుడుతుంది, పాతది కుట్టుగా మారి కింద కుదురుకుంటుంది. గొలుసు కుట్టయినా, పొడుగు కుట్టయినా, అనాసపండు డిజైనయినా ఇదే పని. మంచం నిండే దుప్పటి అల్లుతున్నా తెరిచి ఉండే ఉచ్చు ఏ నిమిషానికైనా మామూలుగా ఒకటే. అందువల్ల పాలు పొంగుతున్నాయని ఎక్కడ పనిని అక్కడే వదిలి లేవచ్చు. అంతకన్నా పెద్ద సదుపాయం ఇంకొకటుంది. నన్ను ఉచ్చులోంచి బయటికి తీసి దారం కొస లాగితే అల్లినదంతా వరసలు వరసలుగా ఊడి వచ్చేస్తుంది. కాస్త వంకరలు పోయి ఉంటుందేమోగానీ దారం మాత్రం దాదాపు మొత్తం తిరిగి చేతికొస్తుంది. కూరలో ఎక్కువైన కారాన్ని వెనక్కి తీయలేం, తప్పుగా కత్తిరించిన జాకెట్టు గుడ్డను మళ్ళీ తాను చేయలేం. ఇంటి పనుల్లో తప్పును ఇంత పూర్తిగా మన్నించేది మరొకటి నాకు కనబడదు. నేననేదేమిటంటే, ఈ అల్లికలో సరదా ఉన్నది కుట్టు వేయడంలో కాదు, వేసిన కుట్టును నష్టం లేకుండా ఊడదీయగలగడంలో. ఆ హక్కు చేతిలో ఉన్నంతసేపూ ఇది సరదా, పోయిన రోజు నుంచీ చాకిరీ.

అల్లికలోనే మనశ్శాంతి ఉంది, ఈ హక్కుల గొడవ ఎందుకు అనేవాళ్ళున్నారు. వాళ్ళ చేతిలో సాక్ష్యం కూడా ఉంది. ఆస్ట్రేలియాలోని వొలొంగాంగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు క్రోషే (నా కొక్కెంతో చేసే అల్లికకు పేరదే) అల్లేవాళ్ళను ఆన్‌లైన్‌లో ప్రశ్నలడిగి 2020లో ఫలితాలు ప్రచురించారు. 8 వేలమందికి పైగా జవాబిచ్చారు. అల్లుతుంటే మనసు నెమ్మదిస్తుందని పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది చెప్పారు. నన్ను మెచ్చుకునే మాట కాబట్టి నాకు సంతోషమే, కానీ దాన్ని ఎంతవరకు నమ్మాలో అంతవరకే నమ్ముతాను. ఆ జవాబులు తమంతట తాము ముందుకొచ్చిన వాళ్ళవి. నచ్చక సూదిని సొరుగులో పడేసినవాళ్ళు అలాంటి లెక్కలోకి ఎలా వస్తారు? పైగా శాంతి కుట్టులోనే ఉంటే, కుట్లు ఎక్కువ వేసిన చేతులకు శాంతి ఎక్కువ దక్కాలి. అలాగైతే ప్రపంచంలోకెల్లా నిశ్చింతగా బతకవలసినవాళ్ళు పశ్చిమ గోదావరి లేసు కార్మికులు. వాళ్ళ సంగతి తెలిసినవాళ్ళెవరూ ఆ మాట అనలేరు.

మా అల్లిక గోదావరి డెల్టాకు 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల వెంట వచ్చింది. అదే శతాబ్దంలో, 1840ల కరవు కాలంలో, ఐర్లాండులోనూ పేదింటి ఆడవాళ్ళకు క్రోషే లేసు నేర్పారు, అమ్ముకుని తిండి సంపాదించుకుంటారని. అంటే రెండు చోట్లా నేను పొద్దుపోక కోసం అడుగుపెట్టలేదు, కడుపు కోసం వచ్చాను. పొద్దుపోక అన్న ముద్ర నరసాపురంలో తరవాత పడింది, అది ఎవరికి లాభించిందో ఒక పుస్తకంలో వివరంగా ఉంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఈ ప్రాంతానికి వచ్చి, లేసు అల్లే ఆడవాళ్ళ మధ్య పరిశోధన చేసి, ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకం 1982లో వెలువరించారు. వంటా వార్పూ పిల్లలూ చూసుకుంటూనే వీళ్ళు రోజుకు గంటలకు గంటలు అల్లుతున్నారు, ఆ లేసు విదేశాలకు ఎగుమతవుతోంది. అయినా వ్యాపారుల కళ్ళకు వీళ్ళు కార్మికులు కారు, ఖాళీగా ఇంట్లో కూర్చోలేక చేతులాడించుకుంటున్న ఇల్లాళ్ళు. తీరిక వేళల్లో చేసే పనికి కూలి ఎంతిస్తే మాత్రమేం? అలా వ్యవసాయ కూలీ ఆడమనిషికి సర్కారు నిర్ణయించిన కనీస వేతనం కన్నా చాలా తక్కువకే లేసు దేశాలు దాటింది. గడప దాటి పనికెళితే పరువు తక్కువనుకునే కులాల ఇళ్ళలో ఈ ఏర్పాటు మరీ సులువుగా కుదిరింది. చేస్తున్నది పని కాదని వాళ్ళచేతే ఒప్పించాక కూలి గురించి బేరమాడేదెవరు?

కూలి తక్కువ కావడం ఒక్కటే అయితే అది అన్ని పనుల్లో ఉన్న అన్యాయమే. నా వాదనకు పట్టునిచ్చేది పని పంచిన పద్ధతి. దారం ఏజెంటు తెచ్చి ఇస్తాడు, అల్లిన ముక్కలు ఏజెంటే పట్టుకెళతాడు. విడి ముక్కలు అల్లడం చేతిపని, వాటిని కలపడం అతుకుపని, రెండూ వేరువేరు చేతుల్లో జరుగుతాయి. ఏళ్ళ తరబడి ఒకే రకం పువ్వు అల్లిన మనిషి ఆ పువ్వులన్నీ కలిసి ఏ టేబుల్ గుడ్డ అయ్యాయో చూడకపోవచ్చు. కూలి ముక్కకింత. అలాంటి చోట ఒక వరస ఊడదీయడమంటే ఆ పూట సంపాదనలో కొంత ఊడదీయడమే. పువ్వుకు ఆరు రేకులకు బదులు ఏడు వేస్తే ఎలా ఉంటుందో చూద్దామనిపించినా ఆ కోరిక తీరాలంటే ఖర్చే. సంతోషం కోసం ఊడదీయడం వాళ్ళకు గిట్టుబాటు కాదు, తప్పు దొర్లి ఊడదీయక తప్పకపోతే ఆ గంట వాళ్ళ ఖాతాలోనే. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. ఆ ఊరి పేరు పెట్టి మరో ఊరి సరుకు అమ్మకుండా అది కాపాడుతుంది. ఊడదీసిన గంటకు కూలి ఇప్పించడం మాత్రం దాని పని కాదు.

ఇక ఆ హక్కు పూర్తిగా ఉన్న చేతిలో నేనేం చేయగలనో చూడండి. యూక్లిడ్ చెప్పిన సమతలానికి భిన్నంగా, ఎటు పోయినా జీనులా వంపు తిరిగే ఉపరితలం ఒకటుంటుందని 19వ శతాబ్దంలో లొబచెవ్‌స్కీ, బోల్యాయి వంటి గణితజ్ఞులు ఊహించారు. దాన్ని కాగితంతో చేసి చూపిస్తే నాలుగు చేతులు మారేసరికి చిరిగిపోయేది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో లాట్వియా నుంచి వచ్చిన గణితజ్ఞురాలు డైనా తైమిన్యా 1997లో దాన్ని క్రోషేతో అల్లారు. కిటుకు చాలా చిన్నది. ఇన్ని కుట్లకు ఒక కుట్టు చొప్పున ప్రతి వరసలోనూ పెంచుకుంటూ పోవాలి. కొన్ని వరసలకే అంచు పట్టక ముడతలు ముడతలుగా పొంగుతుంది. విద్యార్థి దాన్ని మడిచి, తడిమి, ఒక గీతకు సమాంతరంగా ఒకే బిందువు గుండా ఎన్నో గీతలు పోతాయని కళ్ళారా చూడవచ్చు. తరవాత లాస్ ఏంజెలస్‌లో మార్గరెట్, క్రిస్టీన్ వెర్థైమ్ అనే అక్కచెల్లెళ్ళు 2005లో ఆ నియమాన్ని కావాలని అక్కడక్కడా తప్పించి అల్లించారు. లెక్క తప్పిన కొద్దీ పగడాల లాంటి ఆకారాలు పుట్టుకొచ్చాయి, అదే క్రోషే పగడపు దిబ్బ అనే ప్రాజెక్టయింది. ముక్కల కూలి మీద అల్లే చోట కుట్టు లెక్క తప్పిన ముక్కను వెనక్కి కొడతారు. ఇక్కడ ఆ తప్పే ప్రదర్శనకెక్కింది. మరో సంగతి కూడా గమనించాలి. తైమిన్యా అల్లింది తన పాఠాల కోసం, అంటే అదీ ఉద్యోగంలో భాగమే. జీతం వచ్చినంత మాత్రాన సరదా చచ్చిపోలేదు, ఎందుకంటే ఆ జీతం ఒక్కో ముక్కకు ముడిపడి లేదు. కాబట్టి గీత గీయవలసింది డబ్బు తీసుకోవడానికీ తీసుకోకపోవడానికీ మధ్య కాదు.

ఇదంతా కడుపు నిండినవాళ్ళ తర్కం అని ఎవరైనా అంటే నేను కోప్పడను, అందులో సగం నిజం. ఊడదీయడానికి గంటలు కావాలి, గంటలు మిగిలేది అందరికీ కాదు. కానీ ఆ మాట నా వాదాన్ని కొట్టేయదు, బలపరుస్తుంది. దారం ఉండ ఖరీదైనది కాదు, ఊడదీసి ఎన్నిసార్లయినా వాడుకోవచ్చు. కరవున్నది సొంత సమయానికి. దీనికన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది: కూలికి అల్లేవాళ్ళలో మాత్రం సంతోషం లేదా, అరుగు మీద నలుగురూ చేరి కబుర్లాడుకుంటూ అల్లడం లేదా, తమ పువ్వు చూసి తాము మురిసిపోవడం లేదా? ఉంది, ఎందుకు లేదు! వేళ్ళకు పట్టుబడ్డ నేర్పు ఎక్కడున్నా సంతోషమిస్తుంది. ఆ సంతోషం వాళ్ళు సొంతంగా సంపాదించుకున్నది. దాన్ని చూపించి కూలి కోసేయడమే మోసం. అదే మనిషి కూతురి గౌను అంచుకు తన ఇష్టప్రకారం లేసు అల్లుకునేటప్పుడు చూడండి, నచ్చకపోతే నిమిషం ఆలోచించకుండా లాగేస్తుంది. రెండింటికీ తేడా ఆ చెయ్యికి నాకన్నా బాగా తెలుసు.

ఊడదీస్తూ కూర్చుంటే ఏదీ పూర్తికాదనేది సరదాగా అల్లేవాళ్ళ ఇళ్ళలోంచి వచ్చే ఫిర్యాదు. బీరువా అడుగున సగం అల్లిన శాలువా, ఒక చెయ్యి మాత్రమే ఉన్న చంటిపిల్లాడి స్వెటరు ఉండనే ఉంటాయి. హక్కు ఉందంటే రోజూ వాడమని కాదు. కానీ ఆ సగం సగం ముక్కలను తీర్చని అప్పుల కింద లెక్కవేసుకుని బాధపడటం నాకు వింతగా ఉంటుంది. ఎవరూ అడగని పనికి గడువు పెట్టుకున్న రోజున ఇంట్లోనే ఒక ఏజెంటు తయారయినట్టు. అలాంటి ముక్కను లాగేసి దారం ఉండ చుట్టేస్తే పోయేదేమీ లేదు. పూర్తయినవి మాత్రం ఎన్నాళ్ళు చెల్లుతాయి గనక! పాత డబ్బా టీవీల మీదా, రేడియోల మీదా పరచడానికని అల్లిన గుడ్డలకు, టీవీలు పలచబడి గోడకెక్కాక పరుచుకునే చోటే పోయింది.

ఇక చివరిది, అందరూ మెచ్చుకోలుగా అనే మాట: “ఇంత బాగా అల్లావు, అమ్మకూడదటే?” అమ్మవచ్చు. నేను అమ్మకానికి శత్రువును కాను, నా ఉక్కు జాతి అంతా దాని మీదే బతికింది. కానీ ఒక సాంకేతిక విషయం తెలిసి అమ్మాలి. లేసును యంత్రాలు నేస్తాయి, అల్లిక గుడ్డనూ యంత్రాలు తీస్తాయి, నా కుట్టును మాత్రం పరిశ్రమ స్థాయిలో అల్లే యంత్రం ఇంతవరకూ లేదు. క్రోషే యంత్రాలని పేరున్నవి ఉన్నాయి గానీ అవి తయారుచేసేది వేరే రకం అల్లిక. కాబట్టి దుకాణంలో వేలాడే నిజమైన క్రోషే జాకెట్టు ఎంత చవకదైనా ఎవరో ఒకరు చేత్తో అల్లిందే, ఆ చవక ఆ మనిషి గంటల్లోంచి తీసిందే. ఇంట్లో తీరిగ్గా అల్లి, దారం ఖరీదు మీద ఓ వంద వేసుకుని ఇచ్చేసేవాళ్ళు తమకు తెలియకుండానే ఆ ధరను ఇంకా కిందికి దింపుతున్నారు. తమకది సరదా గనక నష్టం కనబడదు, కూలికి అల్లే మనిషికి కనబడుతుంది. అమ్మదలుచుకుంటే ఊడదీసి మళ్ళీ అల్లిన గంటలతో సహా లెక్క రాయండి, గంటకు మీ ఊళ్ళో ఏ పనికైనా ఇచ్చే కూలి వేయండి, ఆపైన దారం కలపండి. ఆ ధర విని కొనేవాళ్ళు ముఖం తిప్పుకుంటే బేరం పోయిందనుకోకండి. ఆ టేబుల్ గుడ్డ మీ బల్ల మీదకు సరిపోతుంది, అంచు నచ్చకపోతే ఆ వరస వరకూ లాగి మళ్ళీ అల్లుకోవచ్చు.