గోడ లేని వాకిలి

కంప్యూటర్లో ఇళ్ళు గీసేవాళ్ళకు తప్ప లోకానికి తెలియని సంగతి ఒకటుంది. అక్కడ గోడకున్న కన్నం కూడా ఒక వస్తువే. దానికి పేరుంటుంది, కొలతలుంటాయి, గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఒక సాఫ్ట్‌వేర్‌లో గీసిన ఇంటిని ఇంకో సాఫ్ట్‌వేర్ చదువుకునేందుకు ఐఎఫ్‌సీ అనే పద్ధతి పెట్టుకున్నారు. 2013లో దానికి ఐఎస్‌ఓ ముద్ర కూడా పడింది. అందులో ప్రతి కన్నానికీ 22 అక్షరాల గుర్తింపు. బతికున్న మనిషికి ఆధార్‌లో దక్కింది 12 అంకెలే.

పైగా ఆ పద్ధతిలో గోడకూ తలుపుకూ నేరుగా చుట్టరికం లేదు. గోడను కన్నం తొలుస్తుంది, కన్నాన్ని తలుపు నింపుతుంది. ఇద్దరినీ కలిపే పెళ్ళిళ్ళ పేరయ్య కన్నమే.

ఇది నాకు బెంగళూరులో అన్నం పెడుతున్న విద్య. దాన్ని మా ఊరు గుడిబండెకు మోసుకొచ్చి మా మామ కట్టబోయే ఇంటి మీద ప్రయోగించేసరికి గొడవ మొదలైంది.

మామ ప్లాను కంటే ముందే ముహూర్తం పెట్టించుకున్నాడు. మా వైపు పునాది లేచాక మొదట నిలబడేది వాకిలి. గడప కింద నవధాన్యాలు, పంచలోహాలు వేసి, పసుపు కుంకుమ పెట్టి, మామిడాకులు కట్టి, ద్వారబంధాన్ని ఖాళీ జాగాలో ఒంటరిగా నిలబెడతారు. పడిపోకుండా ఊతకర్రలు పెడతారు. గోడ ఆ తర్వాత రెండు పక్కల నుంచీ తీరిగ్గా వచ్చి దాన్ని పట్టుకుంటుంది. నేనూ అదే వరసలో పోదామని ముందుగా తలుపు తీసుకున్నాను. తెర మీద ఎక్కడ పెట్టబోయినా పెట్టనివ్వదే! గోడ ఏదీ అంటుంది. సింహద్వారాన్ని చేతపట్టుకుని తెర నాలుగు మూలలా తిరిగాను. ఎక్కడికి పోయినా గీత కొట్టిన సున్నా గుర్తే.

అవ్వ వెనక నిలబడి చూస్తాంది.

"ఏమిరా అబ్బోడా, వాకిలి ఎత్తుకోని ఊరంతా తిరగతాండావు?"

"గోడ లేకుండా వాకిలి పెట్టకూడదంట అవ్వా."

"ఎవరు చెప్పింది? మీ తాత పెట్టిన వాకిలి శనక్కాయలు పెరికేదాకా గోడ లేకుండానే నిలబడింది గదరా!"

ఆ కథ మా ఇంట్లో అందరికీ తెలుసు. పూజకూ భోజనాలకే తాత దుడ్డంతా అయిపోయింది. పంట అమ్మితే గానీ మేస్త్రీ మళ్ళీ రానన్నాడు. అన్నాళ్ళూ ఆ స్థలంలో ద్వారబంధం ఒక్కటే. అవ్వ పొద్దున్నే గడప కడిగి, పసుపు రాసి, ముగ్గేసి వచ్చేది. ఇల్లు చూడ్డానికొచ్చిన చుట్టాలను పక్కనుంచి రానిచ్చేది కాదు. చుట్టూ బయలే అయినా చెప్పులు గడప బయట వదిలి, వాకిట్లో తల వంచి, లోపలికి, అంటే అవతలి పక్క బయల్లోకి, రావలసిందే. మేకలు మాత్రం మర్యాద పాటించేవి కావట.

గోడ మీద నా సాఫ్ట్‌వేర్‌కు ఎంత భక్తి అంటే, గోడను చెరిపితే అందులో ఉన్న తలుపులూ కిటికీలూ కట్టకట్టుకుని పోతాయి. మా వీధిలో అంతా దీనికి తలకిందులు. పాత ఇళ్ళ మట్టిగోడలు వానలకు కరిగి కూలిపోయినా వాకిళ్ళు నిలబడే ఉన్నాయి. ఒకదానికి తలుపు కూడా ఉంది, తలుపుకు తాళం ఉంది. తాళంచెవి బెంగళూరులో ఉంది.

అలాగని ఈ సాఫ్ట్‌వేర్లను తీసిపారేయలేం. ట్రేసింగ్ కాగితాల కాలంలో కిటికీ జరపాలంటే ప్లానులో ఒకసారి, ఎలివేషన్‌లో ఒకసారి, సెక్షన్‌లో ఒకసారి సిరాను బ్లేడుతో గీకాలి. కాస్త గట్టిగా గీకితే ఇంటికి కాదు, కాగితానికే కిటికీ పడేది. గాబోర్ బోయార్ 1982లో బుడాపెస్ట్‌లో పెట్టిన గ్రాఫిసాఫ్ట్ నుంచి ఆర్కిక్యాడ్ వచ్చింది. 2000లో అమెరికా నుంచి రెవిట్ వచ్చింది. రెండేళ్ళకే ఆటోడెస్క్ దాన్ని 13.3 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. వీటిలో కిటికీని ఒకచోట జరిపితే అన్నిచోట్లా తనే జరుగుతుంది. ఈ సౌకర్యంతో ఎక్కువగా బాగుపడింది వాస్తు అని నా అభిప్రాయం. బ్లేడు చూసి మొహమాటపడే వాస్తు పెద్దమనిషి ఇప్పుడు నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. "ఇంకొక్క అంగుళం ఈశాన్యానికి జరుపు నాయనా. ఆఁ, ఇప్పుడు వెనక్కి."

పాత ఇంటి గోడ కొలుచుకోవడం ఇంకో వినోదం. కింద మూరన్నర మందం, పైన మూర. పైకి పోయేకొద్దీ సన్నబడే గోడను గీసే ఏర్పాటు రెవిట్‌లో 2022 వెర్షన్‌తో గానీ రాలేదు. మా ముత్తాత అంతకాలం ఆగలేక కట్టేసుకున్నాడు.

సాయంత్రం విసుగు పుట్టి ఊరి కొండెక్కాను. పదిహేడో శతాబ్దంలో పాళేగాడు బైరేగౌడ కట్టించిన కోట. ఏడు అంచెలు, వాననీటికి 19 దొనలు, కింద భైరసాగరం. చెరువు భారతదేశం పటంలా కనిపిస్తుందని చూడొచ్చిన వాళ్ళందరూ అటు తిరిగి ఫోటోలు దిగుతుంటే నేను గోడల వైపు తిరిగి కూర్చున్నాను. బైరేగౌడ మనుషులకు గోడ సంగతి ముందు తట్టి ఉండదు. వాళ్ళకు కనబడింది గుండ్ల మధ్య సందులు. మనిషి దూరడానికి కావలసినంత వదిలి, మిగతాది రాళ్ళతో పూడ్చారు. ఇక్కడ కన్నం గోడలో లేదు, గోడే కన్నంలో ఉంది. దీనికి నా సాఫ్ట్‌వేర్‌లో ఏ బొత్తామూ లేదు. నంది కొండ కింద భోగనందీశ్వరాలయంలో రాతిపలకను తొలిచి నాట్యమాడే శివుణ్ణి నిలిపిన కిటికీ ఉంది. ఆయన చేతుల మధ్య, కాళ్ళ మధ్య ఉన్న ఒక్కో సందుకూ 22 అక్షరాలు రాసుకుంటూ పోతే ఈ జన్మకు చాలు.

తర్వాత దీపం గూడు. అవ్వకు దేవుడి గదిలో గూడు కావాలి. నేను కన్నం కొట్టే పనిముట్టు తీసుకుని ఆరంగుళాల లోతు అడిగాను. అది గోడను ఈ పక్క నుంచి ఆ పక్కకు పొడిచేసింది. దేవుడి గదిలోంచి పక్కింటి వంటిల్లు కనిపించింది. గూడు కావాలంటే వేరే వ్యవహారమట: ఖాళీని విడిగా ఒక దిమ్మెలా తయారుచేసి, తెచ్చి గోడలో దించి, కోయించాలి. ఇదంతా చూసిన మేస్త్రీకి జాలేసింది.

"ఇంత కష్టమెందుకు సారూ? మేమైతే ఆడ నాలుగు ఇటుకలు పెట్టకుండా వదిలేస్తాం."

ఆ మేస్త్రీయే ఇల్లు లేచాక, చివర్లో పూత కూలి లెక్క దగ్గర నన్ను పట్టుకున్నాడు. నా సాఫ్ట్‌వేర్ కిటికీల వైశాల్యాన్ని గోడకు రెండు పక్కలా తీసేసి అణాపైసలతో లెక్క చూపించింది. మేస్త్రీ ఒప్పుకోలేదు. "ఒక పక్కే తియ్యాల సారూ. కిటికీ సందుల్లో, అంచుల్లో పూత ఎవరు పూసినారు?" అనుమానమొచ్చి భారతీయ ప్రమాణం ఐఎస్ 1200 తిరగేశాను. అర చదరపు మీటరు దాటని కన్నాన్ని పూత లెక్కలో తీసెయ్యనే కూడదు. అది దాటి మూడు చదరపు మీటర్ల దాకా ఒక్క పక్కే తీసెయ్యాలి. రెండో పక్క కూలి ఆ అంచుల పనికి సరి. మావి నాలుగడుగుల కిటికీలు, ఒక్కోటి ఒకటిన్నర చదరపు మీటరు. ఆ పుస్తకం మొహం ఎన్నడూ చూడని మేస్త్రీ దాన్ని అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పాడు. అవ్వ గూడు అయితే లెక్కలోకే రాలేదు.

మామ గొణుక్కుంటూ దుడ్డు లెక్కపెట్టాడు. "గాలికి పూత పూసినందుకు కూలి ఇచ్చినోణ్ణి ఈ తాలూకాలో నేనే మొదటోణ్ణి అయ్యుంటా."

"కాదు సామీ," అన్నాడు మేస్త్రీ, నోట్లు మడిచి జేబులో పెట్టుకుంటూ. "మీ నాయన మా నాయనకు ఇచ్చినాడు."