ముందు నడిచి తప్పుకునే బండి: ఒక డెర్నీ ఆత్మకథ

వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ పందేల మైదానంలో, మైకు పట్టుకున్న వ్యాఖ్యాత రోజుకి పాతిక సార్లు అంటూ ఉంటాడు: “డెర్నీ వచ్చింది”, “డెర్నీ వేగం పెంచింది”, “డెర్నీ తప్పుకుంది”. విని విని ఈ బండికీ అదే అలవాటైంది. తన కథ తను చెప్పుకోవాల్సి వచ్చినా “నేను” అనడం దానికి రాదు. డెర్నీ ఇలా చేసింది, డెర్నీ అలా చూసింది అనే చెబుతుంది.

చూడ్డానికి సైకిలుకి ఇంజను తగిలించినట్టుంటుంది. పెడల్సూ ఉంటాయి, మోటారూ ఉంటుంది. నడిపే మనిషి సాధారణంగా వయసు మళ్లినవాడు. వీపు నిటారుగా పెట్టి, తల తిప్పకుండా, గుడి ప్రదక్షిణం చేస్తున్నంత శ్రద్ధగా చెక్క బాట చుట్టూ తిరుగుతాడు. అతని వెనక ఆరుగురు కుర్రాళ్లు. వాళ్ల సైకిళ్లకు బ్రేకులుండవు, గేర్లు మార్చే వీలుండదు. చక్రం తిరుగుతున్నంతసేపూ కాళ్లు తిరగాల్సిందే, మధ్యలో ఆపి సేద తీరడానికి లేదు. ఆ ఆరుగురూ డెర్నీ వెనక చక్రాన్నే చూస్తూ వస్తారు. దాన్ని దాటకూడదు. దాటితే పోటీ నుంచి తీసేస్తారు. ఈ పందెం పేరు కెయిరిన్.

డెర్నీది ఫ్రెంచి వంశం. పారిస్‌లో రోజర్ డెర్నీ అనే ఆయన, ఆయన కొడుకులు నడిపిన కంపెనీ తయారు చేసిన బండి కాబట్టి ఆ పేరు. 98 సీసీ ఇంజను, ముందు చక్రం పైన పెట్రోలు ట్యాంకు. 1938లో బోర్డో నుంచి పారిస్ దాకా అప్పట్లో జరిగే సుదీర్ఘమైన రోడ్డు పందెంలో సైక్లిస్టుల ముందు నడవడానికి దీన్ని దింపారు. ఆ కంపెనీ మూతబడి దశాబ్దాలైంది. పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడు ఎవరు తయారు చేసినా, పొగ మానేసి కరెంటు మీద నడిచినా, ముందు నడిచే బండి అయితే చాలు, డెర్నీ అనే అంటారు.

కెయిరిన్ పుట్టిల్లు మాత్రం జపాన్. యుద్ధంలో చితికిపోయిన ఊళ్లను తిరిగి కట్టుకోవడానికి డబ్బు కావాలి. 1948 నవంబరులో కొకురాలో సైకిల్ పందేలు పెట్టి, వాటి మీద బెట్టింగుకు చట్టబద్ధంగా అనుమతిచ్చారు. అక్కడ ముందు నడిచేది యంత్రం కాదు, సైకిలు మీద ఇంకో మనిషి. ఆ పందెం 1980లో ప్రపంచ చాంపియన్‌షిప్‌లోకి, 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లోకి వచ్చింది. అంతర్జాతీయ పోటీల్లో ఆ ముందు మనిషి స్థానం డెర్నీకి దక్కింది.

అసలు ముందు ఎవరైనా ఎందుకు నడవాలి? గాలి వల్ల. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో తొక్కేవాడి సత్తువలో దాదాపు నూటికి తొంభై పాళ్లు గాలిని చీల్చడానికే ఖర్చయిపోతుంది. ముందు ఒకరుంటే ఆ గాలి వాళ్లకు తగులుతుంది, వెనకవాడు వాళ్ల నీడలో వస్తాడు. శ్రమలో నాలుగో వంతో మూడో వంతో మిగులుతుంది. పెద్దల పోటీల్లో డెర్నీ గంటకు 30 కిలోమీటర్లతో మొదలుపెట్టి మెల్లమెల్లగా 50కి చేరుస్తుంది. 250 మీటర్ల బాట మీద ఇంకా మూడు చుట్లు ఉందనగా పక్కకు తప్పుకుంటుంది. ఆ క్షణం నుంచి ఆరుగురివీ ఆరు దార్లు. వేగం 70 దాకా పోతుంది. భుజాలు భుజాలు రాసుకుంటాయి.

బాట లోపలి అంచున ఆగి డెర్నీ చూస్తూ ఉంటుంది. దాని బతుకులో పని జరిగేది తప్పుకోకముందు. ప్రాణమంతా పెట్టి చూసేది మాత్రం తప్పుకున్న తరవాతే.

తన మూలంగా జరిగిన గొడవలు కూడా డెర్నీ దాచదు. 2016లో రియో ఒలింపిక్స్ కెయిరిన్ ఫైనల్‌ను రెండుసార్లు ఆపాల్సొచ్చింది. మొదటిసారి బ్రిటన్ సైక్లిస్టు జేసన్ కెన్నీ, మలేషియావాడు అజీజుల్‌హస్నీ అవాంగ్ డెర్నీ తప్పుకోకముందే దాని వెనక చక్రాన్ని దాటేశారేమోనని అనుమానం. అధికారులు వీడియో ముందు తలలు పట్టుకుని కూర్చున్నారు. ఎవరినీ తియ్యలేదు. పందెం మళ్లీ పెట్టారు, మళ్లీ ఆగింది. మూడోసారికి కెన్నీ స్వర్ణం గెలిచాడు. ఐదేళ్లకు టోక్యో క్రీడల్లో అదే కెన్నీ, డెర్నీ పక్కకు తప్పుకున్న మరుక్షణమే బాణంలా వెళ్లిపోయాడు. వెనకవాళ్లు తేరుకునేసరికి అందనంత దూరమైపోయింది. అది అతని ఏడో ఒలింపిక్ స్వర్ణం. డెర్నీ వెళ్లిపోయే క్షణాన్ని అంత బాగా వాడుకున్నవాణ్ణి డెర్నీ వంశం ఇంతవరకూ చూడలేదు.

ఆ కెన్నీ 2006లో బెల్జియంలోని గెంట్ నగరానికి జూనియర్‌గా వచ్చాడు. జూనియర్ ప్రపంచ చాంపియన్‌షిప్ అంటే పదిహేడు, పద్దెనిమిదేళ్ల పిల్లల పోటీ. అక్కడ స్ప్రింట్, కెయిరిన్, టీమ్ స్ప్రింట్ మూడూ గెలిచాడు. ఈ పోటీలను తేలిగ్గా చూడకూడదని డెర్నీ అంటుంది. తరవాత టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన బ్రాడ్లీ విగ్గిన్స్ 1998లో హవానాలో జూనియర్ పర్స్యూట్ విజేత. అదే టూర్ గెలిచిన గెరాంట్ థామస్ 2004లో లాస్ ఏంజిలెస్‌లో జూనియర్ స్క్రాచ్ రేసు విజేత. పర్స్యూట్‌లో, స్క్రాచ్‌లో డెర్నీకి పని లేదు కాబట్టి ఆ పతకాల్లో తనకు వాటా ఉందని అది చెప్పుకోదు.

పిల్లల పందేలంటే డెర్నీకి కొంచెం బెరుకు కూడా ఉంది. బాట మలుపుల దగ్గర నలభై డిగ్రీలకు మించిన వాలు ఉంటుంది. పైగా చెక్క. 2011లో మాంచెస్టర్ ప్రపంచ కప్ కెయిరిన్‌లో అవాంగ్ పడిపోయినప్పుడు ఆ చెక్కలోంచి లేచిన జానెడు పేడు అతని పిక్కలోంచి అటు నుంచి ఇటు దూసుకుపోయింది. అతను దానితోనే లేచి, సైకిలెక్కి, మూడోవాడిగా గీత దాటాడు. పెద్దవాళ్లకే ఇలా ఉంటే, ఇంటి నుంచి మొదటిసారి అంత దూరం వచ్చిన పదిహేడేళ్ల పిల్లల గుండె ఎలా కొట్టుకుంటుందో డెర్నీకి తెలుసు. అది వేగం పెంచేటప్పుడు కుదుపు లేకుండా పెంచడానికి కారణం అదే.

తెలుగు పాఠకులకు ఇంకోలా చెప్పొచ్చు. సైకిలు నేర్పేటప్పుడు నాన్న సీటు పట్టుకుని వెనక పరిగెత్తుతాడు. ఎప్పుడు వదిలేశాడో పిల్లాడికి తెలియదు. డెర్నీ అదే పని ముందుండి చేస్తుంది. తేడా ఒకటే: ఎప్పుడు వదిలేస్తుందో అందరికీ ముందే తెలుసు.

ఇక మన పిల్లలు వెళ్లిన ఏగ్ల్ సంగతి. స్విట్జర్లాండులో ద్రాక్షతోటల మధ్య పాత కోట ఉన్న చిన్న ఊరు. ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య కార్యాలయం అక్కడే. 2002లో తెరిచిన వాళ్ల శిక్షణ కేంద్రంలో 200 మీటర్ల చెక్క బాట ఉంది. ఒలింపిక్ బాట కన్నా 50 మీటర్లు చిన్నది. చుట్టు చిన్నదైతే మలుపులు త్వరత్వరగా వచ్చేస్తాయి, ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. 2018 ఆగస్టులో జూనియర్ ప్రపంచ చాంపియన్‌షిప్ అక్కడ జరిగింది.

కెయిరిన్ ఫైనల్లో డెర్నీ వెనక వచ్చిన వాళ్లలో ఒక కుర్రాడు అండమాన్, నికోబార్ దీవుల వాడు. పేరు ఎసో అల్బెన్. మొదట పడవ పోటీల్లో తెడ్డు వేసేవాడు, తరవాత సైకిలు ఎక్కాడు. ఆ దీవుల నుంచి అంతకు ముందే డెబోరా హెరాల్డ్ అనే అమ్మాయి ట్రాక్ మీద పేరు తెచ్చుకుంది. 2004 సునామీలో చెట్టెక్కి రోజుల తరబడి ప్రాణం నిలుపుకున్న తొమ్మిదేళ్ల పిల్ల ఆమె. కాబట్టి సముద్రం మధ్య నుంచి వచ్చినవాళ్లను తక్కువగా అంచనా వెయ్యకూడదని ఢిల్లీలోని ట్రాక్ ఎరిగినవాళ్లకు తెలుసు. 2010 కామన్‌వెల్త్ క్రీడల కోసం ఇందిరాగాంధీ స్టేడియం ఆవరణలో కట్టిన ఆ చెక్క బాట మీదే ఎసో తయారయ్యాడు.

ఏగ్ల్‌లో డెర్నీ తప్పుకుంది. ఆఖరికి చెక్ దేశపు యాకుబ్ ష్‌త్యాస్త్‌నీ మొదటివాడిగా గీత దాటాడు. ఎసో రెండోవాడు. ఇద్దరి మధ్య తేడా 0.017 సెకన్లు. రెప్ప కొట్టడానికి దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ సమయం పడుతుంది. గంటకు 65 కిలోమీటర్ల వేగం అనుకుని లెక్క వేస్తే ఆ తేడా ఒక అడుగు. సగం చక్రం.

ఆ అడుగు దూరానికి బాధపడాలా, పొంగిపోవాలా? పొంగిపోవాలి. ఏ వయసు విభాగంలోనైనా, సైక్లింగ్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో భారతదేశానికి వచ్చిన మొట్టమొదటి పతకం ఆ రజతమే.

మరుసటి ఏడాది, 2019 ఆగస్టులో జర్మనీలో ఓడర్ నది ఒడ్డున ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్‌లో పోటీలు. పెద్ద ఫ్రాంక్‌ఫర్ట్ వేరు, పోలండ్ సరిహద్దున ఉన్న ఈ ఫ్రాంక్‌ఫర్ట్ వేరు. ఈసారి ఎసోతో పాటు మణిపూర్ కుర్రాళ్లు రొనాల్డో సింగ్ లైతోంజమ్, రోజిత్ సింగ్, జేమ్స్ సింగ్ ఉన్నారు. రొనాల్డోకి ఆ పేరు బ్రెజిల్ ఫుట్‌బాల్ వీరుణ్ణి చూసి పెట్టారు. పందెం పేరు టీమ్ స్ప్రింట్.

ఈ పందెంలో డెర్నీ ఉండదు. అయినా దాని గురించి చెప్పడానికి డెర్నీకి ఉన్నంత అర్హత ఇంకెవరికీ లేదు. ముగ్గురు ఒక జట్టు, మూడు చుట్లు. ఆగి ఉన్న చోటు నుంచి ఒక్క ఉదుటున లేవాలి. మొదటివాడు ఒక చుట్టు లాగి, మిగతా ఇద్దరికీ గాలి కాచి, బాట పైకి తప్పుకుంటాడు. అతని పని అయిపోయింది, అతను చివరి గీత దగ్గర ఉండడు. రెండోవాడు రెండో చుట్టు లాగి తప్పుకుంటాడు. మూడోవాడు ఒంటరిగా ఆఖరి చుట్టు తొక్కి గడియారాన్ని ఆపుతాడు. అంటే డెర్నీ ఇంజనుతో చేసే పనిని ఇక్కడ పిల్లలు తమ కాళ్లతో, ఒకరి కోసం ఒకరు చేస్తారు. ముందు నడవడం, గాలి భరించడం, సరైన చోట దారివ్వడం. తప్పుకోవడం అరసెకను ఆలస్యమైనా జట్టంతా ఓడిపోతుంది.

ఆ పందెంలో భారత కుర్రాళ్లు స్వర్ణం గెలిచారు. ప్రపంచ స్థాయి సైక్లింగ్‌లో దేశానికి అదే తొలి స్వర్ణం.

డెర్నీకి ఈ కథలో ఒక బాధ మిగిలింది. 2022లో ఢిల్లీలో జరిగిన ఆసియా పోటీల్లో రొనాల్డో పెద్దల స్ప్రింట్‌లో రజతం తెచ్చాడు. జపాన్ వాడి చేతిలోనే ఓడాడు. అదే ఏడాది బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడలకు వెళ్లిన జట్టులో ఇతనూ, నికోబార్ నుంచి వచ్చిన డేవిడ్ బెక్‌హామ్ అనే కుర్రాడూ ఉన్నారు. ఇద్దరు ఫుట్‌బాల్ వీరుల పేర్లు ఒకే సైకిల్ జట్టులో! అంతా బాగానే ఉంది. కానీ ఒలింపిక్స్ మాటెత్తితే 1964లో టోక్యో తరవాత భారత సైక్లిస్టు ఎవరూ అక్కడ కనిపించలేదు. పదిహేడేళ్లకు ప్రపంచం పక్కన భుజం రాసుకుంటూ తొక్కిన పిల్లలు పాతికేళ్లకు ఆ గుంపులో ఎందుకు లేరు?

డెర్నీ తనకు తెలిసిన భాషలో జవాబు చెబుతుంది. జూనియర్ దశలో శిక్షకుడు, వసతి, ఢిల్లీలో చెక్క బాట అన్నీ ముందు నడిచాయి. పద్దెనిమిది దాటాక పోటీ ఇంకా పెరుగుతుంది. ఏడాది పొడుగునా యూరప్‌లో, జపాన్‌లో పెద్దవాళ్లతో తొక్కాలి, ఖరీదైన చక్రాలు కావాలి, పడితే చూసే వైద్యుడు కావాలి, ఇంటికి జీతం రావాలి. గాలి అసలు తగిలేది అప్పుడే. ముందు నడిచేవాళ్లు అప్పుడే తప్పుకుంటే ఎంత బలమైన కాళ్లయినా ఆగిపోతాయి. దారివ్వడానికి డెర్నీ ఎన్నడూ వెనకాడలేదు. పిల్లలు సరిపడా వేగం అందుకున్నాకే తప్పుకోవాలన్నది దాని వృత్తి ధర్మం. పిల్లల్ని పోటీలకు పంపేవాళ్లు ఆ ధర్మం పాటించాలని అది చేతులు జోడించి అడుగుతోంది.

తెలుగు నేల మీద కూడా ఒక ట్రాక్ ఉంది. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలోని వెలోడ్రోమ్. చెక్కది కాదు, పైకప్పు లేదు. ఎండకి ఎండే, వానకి తడిసే సిమెంటు బాట. అయినా వాలు వాలే, గాలి గాలే. సైకిలంటే ప్రాణం పెట్టే పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఒక ఉదయం తీసుకెళ్లి ఆ మలుపు చూపించండి. ఎసో మొదట పట్టుకున్నది తెడ్డు. సైకిలు తరవాత వచ్చింది.