పదకొండు నెలల బీరువా

హైదరాబాద్‌లో అద్దెకుంటూ పార్టికల్ బోర్డు బీరువాను తిట్టనివాడు నాకింతవరకు తగల్లేదు. తలుపు వంగిందని ఒకరు, అర కుంగిందని ఒకరు, వెనక అట్ట ఊడిందని ఇంకొకరు. నోరులేని చెక్కపొడిని ఇంతమంది కలిసి ఇన్నేసి మాటలంటుంటే ఊరుకోబుద్ధి కాలేదు. అందుకే ఈ వారం దాని తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాను. ఫీజు అక్కర్లేదు. క్లయింటు నిలబడి ఉండగానే వాదన ముగిస్తే చాలు.

మొదటి ఆరోపణ, మన్నిక లేదని. అయ్యా, ఎంతకాలం మన్నాలంటారు? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన అద్దె ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించి తీరాలి. ఆ ఖర్చు ఓనరుకూ ఇష్టముండదు, మనకూ ఇష్టముండదు. అందుకని దేశం మొత్తం ఏకగ్రీవంగా పదకొండు నెలల అగ్రిమెంటుకు వచ్చేసింది. పన్నెండో నెల రాకముందే ఓనరుగారి అబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నట్టు కబురొస్తుంది (ఆ అబ్బాయిని ఇంతవరకు ఎవరూ చూసిన పాపాన పోలేదు). లేదంటే అద్దె పెరుగుతుంది. అదీ కాదంటే ఆఫీసు కొండాపూర్ నుంచి కోకాపేటకు మారుతుంది. ఈ బతుక్కి తరాలపాటు నిలిచే మంచం ఎందుకు చెప్పండి? మన అగ్రిమెంటును మనకంటే శ్రద్ధగా చదవడమే నా క్లయింటు చేసిన నేరం.

రెండో ఆరోపణ, ఇదంతా విదేశీ మోజని. చరిత్ర కొంత అటే చూపిస్తుంది, కాదనను. స్వీడన్‌లో 1956లో గిల్లిస్ లుండ్‌గ్రెన్ అనే ఐకియా ఉద్యోగి ఒక టేబుల్‌ను కారులో పెట్టబోతే పట్టలేదు. కాళ్ళు విప్పేసి పెట్టాడు. కాళ్ళు విప్పడంలోనే వ్యాపారముందని ఆ కంపెనీకి తెలిసిపోయింది. పలకలుగా కట్టిన పెట్టెలైతే లారీలో సందు లేకుండా పేర్చుకోవచ్చు. బిగించే కూలి కొన్నవాడే పెట్టుకుంటాడు, లేదా ఆదివారమంతా నేలమీద కూర్చుని తనే కూలి అవుతాడు. చవక అంతా అక్కడి నుంచే వచ్చింది. అదే కంపెనీ మన దేశంలో తొలి దుకాణాన్ని 2018 ఆగస్టు 9న హైటెక్ సిటీలో తెరిస్తే చుట్టుపక్కల ట్రాఫిక్ ఆగిపోయింది. లోపల 1000 మంది కూర్చునే భోజనశాల పెట్టారు. మంచం కొనడానికి వెళ్ళి బిర్యానీ తిని, కొవ్వొత్తులు పట్టుకొచ్చిన కుటుంబాలు ఇప్పటికీ మన మధ్య గౌరవంగానే బతుకుతున్నాయి.

కానీ విప్పి బిగించే విద్య స్వీడన్ వాడు నేర్పాలా మనకు? నాలుగు కోళ్ళు, నాలుగు పట్టెలు, అల్లడానికింత నులక. నులక మంచమంటే అంతే కదా! విప్పితే బండిలో ఓ మూలకు సరిపోయేది. నులక వదులైతే సాయంత్రం అరుగు మీద పెట్టి బిగించేవాళ్ళు. పట్టె విరిగితే వడ్రంగి కొత్త పట్టె చెక్కి ఇచ్చేవాడు, మిగిలిన మూడూ పాతవే. ఎన్నిసార్లు విప్పినా కలిసేది, ఎందుకంటే అక్కడ కర్రే కర్రను పట్టుకుని ఉండేది. నా క్లయింటును మొదటిసారి బిగించడానికి పనికొచ్చేలా చేశారు. రెండోసారి సంగతి బొమ్మల కాగితంలో లేదు.

ఆ లోపం ఒంట్లోనే ఉంది. కర్రను తరుగు తరుగు చేసి, జిగురు కలిపి, వేడిచేసి నొక్కితే పార్టికల్ బోర్డు అవుతుంది. చెరకు పిప్పితోనూ చేస్తారు. జిగురు ఎక్కువగా యూరియా ఫార్మాల్డిహైడ్. పైన కర్ర రంగు ముద్రించిన కాగితం అంటిస్తారు, టేకు గీతలతో సహా. ఇందులో మొదటిసారి స్క్రూ దిగినప్పుడు బాగానే పట్టుకుంటుంది. విప్పి మళ్ళీ బిగించారో, పల్లీ పట్టీలో మేకు కొట్టిన సంగతే. బెజ్జం చుట్టూ పొడి రాలుతుంది, స్క్రూ గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. తిప్పేవాడు తన మణికట్టులో అంత బలముందా అని మురిసిపోతాడు.

ఇక నీళ్ళు. బల్ల పైభాగానికి కాగితం రక్ష ఉంది, అంచులకు పట్టీ ఉంది. నేలకు ఆనే అడుగు అంచును మాత్రం ఎవరు చూడొచ్చారని చవక సరుకులో ఉత్తినే వదిలేస్తారు. తెలుగింట్లో తడి ముందు వెళ్ళేది అక్కడికే. పొద్దున్నే తడిగుడ్డ, శుక్రవారమైతే ఏకంగా బకెట్టు నీళ్ళు. నొక్కిపెట్టిన తరుగు నీరు తగలగానే మళ్ళీ ఉబ్బుతుంది. జిగురు వదిలేస్తుంది. ఎండినా పాత మందానికి రాదు. ఆషాఢం వెళ్ళేసరికి బీరువా పాదాలు పొంగి ఉంటాయి, తలుపు నేలను గీరుతుంటుంది. ఇంటావిడ నేల తుడవడం మానదు, మానకూడదు కూడా. శుభ్రమైన ఇల్లే నా క్లయింటు ప్రాణానికి ముప్పని మనవి చేసుకుంటున్నాను.

పుస్తకాల అర మీద కూడా ఫిర్యాదులున్నాయి. సన్నటి పలక మీద వారపత్రికలు పెడితే ఒప్పుకుంటుంది. పెద్దాయన భారత సంపుటాలన్నీ వరసగా పేరిస్తే, ఆర్నెల్లు తిరిగేసరికి నడుమ కుంగి నవ్వుతుంటుంది. ఇందులో కుట్రేమీ లేదు, లెక్క ఉంది. అదే పలక, అదే మందం, అదే రకం పుస్తకాలు. కింద ఆధారాల మధ్య దూరం రెట్టింపు చేస్తే పలక వంగడం రెండింతలు కాదు, పదహారింతలు. పైగా పార్టికల్ బోర్డు బరువు కింద నెలల తరబడి నెమ్మదిగా జారుతూనే ఉంటుంది. పొడుగాటి అర చూడముచ్చటగా ఉంటుందని ఫొటోలో చూపించేవాళ్ళు దాని మీద ఒక పూలకుండీ, మూడు పుస్తకాలు మాత్రమే ఎందుకు పెడతారో ఇప్పుడర్థమై ఉంటుంది.

ఇక్కడ నవ్వు కాస్త ఆపుకోవాలి. డ్రాయర్లున్న తేలికపాటి బీరువాలో కింది అరలన్నీ ఒక్కసారి బయటికి లాగి పసివాడు ఎక్కితే అది ముందుకు పడుతుంది. అలా పడి పసిపిల్లలు చనిపోయాకే 2016లో ఐకియా అమెరికాలో సుమారు 2.9 కోట్ల డ్రాయర్ల బీరువాలను వెనక్కి తీసుకుంటామని ప్రకటించాల్సి వచ్చింది. గోడకు బిగించమన్నది అలంకారం కోసం రాసిన సలహా కాదు. పెట్టెలో ఆ బిగింపు సామాను ఇచ్చే కంపెనీలున్నాయి, బొమ్మ వేసి మరీ చూపిస్తాయి. సరే, డ్రిల్లు తెచ్చారనుకోండి. తలుపు దగ్గర ఓనరు అంకుల్ ప్రత్యక్షం.

"ఏం బాబూ, గోడకు బెజ్జాలా?"

"బీరువా పడకుండా అంకుల్. పిల్లాడున్నాడు కదా."

"అగ్రిమెంటులో తొమ్మిదో పాయింటు చూశావా? మేకు కొట్టరాదు. క్యాలెండర్ కూడా కిటికీ ఊచకే కట్టుకోవాలి."

"మరి పడితే?"

"పడకుండా చూసుకోవాలి నాయనా. గోడ నాది, పిల్లాడు నీవాడు."

ఒక్క బెజ్జాన్ని పూడ్చడానికి చారెడు పుట్టీ చాలు. అడ్వాన్సులో రంగుల ఖర్చు ఎలాగూ కోసుకుంటారు. అయినా ఆ చారెడు పుట్టీ దగ్గర మన ఇళ్ళలో పసివాళ్ళ భద్రత ఆగిపోయి ఉంది. ఈ కేసులో నా క్లయింటు రెండో ముద్దాయి మాత్రమే.

అసలు విచారణ ఇల్లు మారే రోజున జరుగుతుంది. కుర్చీలనూ మంచాలనూ అమ్మకానికి పెట్టేముందు యంత్రాలతో వేలసార్లు నొక్కి చూస్తారట, బాగుంది. మణికొండలో లిఫ్టు పనిచేయని మూడో అంతస్తు మెట్ల మలుపు దగ్గర ఏ ప్రయోగశాలా నిలబడి చూడలేదు. ప్యాకర్స్ వాళ్ళ సూపర్‌వైజర్ మాత్రం చూశాడు. బీరువాను ఓసారి పక్కకు ఊపి, తలుపు తెరిచి వెనక అట్టను వేలితో తట్టి, రోగి బంధువులను బయటికి పిలిచే డాక్టరు గొంతుతో అడుగుతాడు.

"సార్, ఇప్పుతమా? గట్లనే లేపుతమా?"

"ఏది మంచిదంటావు?"

"ఇప్పితే మళ్ళ కూసోదు సార్. గట్లనే లేపితే అడుగు ఊడుతది."

"మరెలా?"

"ఈడనే ఇడిచిపెట్టుండ్రి. కొత్తగొచ్చేటోళ్ళకు అక్కరకొస్తది."

అతను తట్టి చూసిన ఆ వెనక అట్ట మూడు మిల్లీమీటర్లు ఉంటే గొప్ప. కానీ పెట్టెను మూలమట్టంగా నిలబెడుతున్నది అదే. ఎత్తినప్పుడు పెట్టె ఏటవాలుగా ఒరిగితే చిన్న మేకులు ఒక్కొక్కటే రాజీనామా చేస్తాయి. కొత్త ఇంట్లో దించాక తలుపులు రెండూ ఒకదానికొకటి ఎదురుపడవు. సరే, అతని మాట విని పాత ఇంట్లోనే వదిలేశారనుకోండి, దాన్ని తీసి పారేయించిన కూలిని అంకుల్ అడ్వాన్సులో కోస్తాడు. కబాడీని పిలిచారా, చుట్టూ తిరిగి చూసి చేతులు దులుపుకుంటాడు. పాత ఇనుముకు కిలోల్లెక్కన ఇస్తాడు, పాత టేకు కనిపిస్తే కళ్ళకద్దుకుంటాడు. ఇది మాత్రం వద్దంటాడు. బీరువా వచ్చిన అట్టపెట్టెకు డబ్బులిస్తాడు, పెట్టెలో వచ్చిన బీరువాకు ఇవ్వడు.

వారంటీ ఉంది కదా అని ఫోన్ చేసేవాళ్ళుంటారు. చేయండి.

"మా యూనిట్‌కు పన్నెండు నెలల వారంటీ ఉంది సార్."

"అమ్మయ్య, ఇంకా నెల మిగిలే ఉందండీ."

"యూనిట్‌ను మొదట బిగించిన చోటు నుంచి కదిపారా సార్?"

"ఇల్లు మారాం."

"అయితే వర్తించదు సార్. మీరు మారొచ్చు, యూనిట్ మారకూడదు."

వారంటీ పన్నెండు నెలలు, అగ్రిమెంటు పదకొండు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదివినవాడికి ఇంకే వేదాంతం అక్కర్లేదు. ఏ వస్తువైనా కదలకుండా ఉంటేనే మన్నుతుందట. దాన్ని కొనేవాళ్ళేమో ఏడాదికోసారి ఊళ్ళో వీధి మార్చేవాళ్ళు. సొంతిల్లు కట్టుకుని ఎక్కడికీ కదలనివాళ్ళు వడ్రంగిని పిలిపించి, ప్లైవుడ్‌తో గోడలోకే కప్‌బోర్డులు చేయించుకుంటారు. అంటే కదలనివాడి ఇంట్లో గట్టిది, కదిలేవాడి ఇంట్లో పొడి. చవక పేరుతో ఎవరికి ఏది చేరుతోందో చూడండి.

అలాగని టేకును నెత్తిన పెట్టుకోమని నేననను. మా బాబాయికి బల్లార్షా టేకు మంచం ఉంది. దాన్ని కదపాలంటే ఎనిమిది మంది మనుషులూ ఒక ముహూర్తమూ కావాలి. పొలం పంపకాల్లో కోర్టు దాకా వెళ్ళిన ముగ్గురు కొడుకులూ మంచం దగ్గరికి వచ్చేసరికి త్యాగమూర్తులయ్యారు. "అన్నయ్యకే ఉండనీ" అంటాడు చిన్నవాడు. "తమ్ముడి పేరున రాయి నాన్నా" అంటాడు పెద్దవాడు. మంచం మన్నింది, పడుకునేవాళ్ళు లేరు. మధ్యస్థంగా ఇనుప బీరువా ఉంది. గోద్రెజ్ వాళ్ళు 1923లో ఉక్కు బీరువాల తయారీ మొదలుపెట్టారు. సారెలో వచ్చిన ఆ బీరువాలు సొట్టలు పడ్డా, తలుపు కిర్రుమన్నా, ఇల్లు మారితే లారీ ఎక్కి వస్తాయి. అందం తక్కువని పక్క గదిలోకి నెట్టినది కూడా అవే.

న్యాయం చెప్పాలంటే నా క్లయింటులో మంచి గుణాలు లేకపోలేదు. మంచి సాంద్రత ఉన్న బోర్డు, నాలుగు అంచులకూ పట్టీ, నేలకు ఎత్తుగా ప్లాస్టిక్ కాళ్ళు, స్క్రూ దిగే చోట లోహపు మర, పొట్టి అరలు. ఇవి ఉంటే అదే పొడి ఏళ్ళ తరబడి నిలుస్తుంది. 1979లో వచ్చిన బిల్లీ పుస్తకాల బీరువా ఇప్పటికీ అమ్ముడుపోతూనే ఉంది. ఈ తేడాలేవీ ఫొటోలో కనిపించవు. కొనేటప్పుడు రంగు పేరు చెబుతారు, వాల్‌నట్ అనో వెంగే అనో. లోపల ఏముందో అడిగితే "ఇంజనీర్డ్ వుడ్ సార్" అంటారు. ఎవరు ఇంజనీరు, ఏ కాలేజీ అని మాత్రం అడక్కూడదు.

కాబట్టి కోర్టువారికి నాదొకటే విన్నపం. ఫ్రిజ్‌కూ ఏసీకీ కరెంటు పొదుపు నక్షత్రాలు 2006 నుంచి ఉన్నాయి. బీరువాకూ ఇవ్వండి. ఎన్నిసార్లు విప్పి బిగించవచ్చో అన్ని నక్షత్రాలు. అర ఎన్ని కిలోలు మోస్తుందో అంకె వేయండి. విరిగిన లాకు, ఊడిన కబ్జా విడిగా అమ్మండి. సున్నా నక్షత్రాల సరుకు కూడా అమ్ముకోండి, మాకు అభ్యంతరం లేదు. 12,000 రూపాయల బీరువా రెండేళ్ళకు పోతే నెలకు 500 పడినట్టు. ఆ ముక్క పెట్టె మీద అచ్చువేస్తే, నెలనెలా ఇద్దరు ఓనర్లకు అద్దె కడుతున్నామని మొదటిరోజే తెలుసుకుంటాం. ఒకరు రంగుల ఖర్చు కోసుకునైనా సగం అడ్వాన్సు చేతిలో పెడతారు. రెండో ఓనరు ఎంతిస్తారో అడిగి చెప్పండి.