వలందులెవరు తాతయ్యా?

మా రోజుల్లో బందరు చుట్టొస్తే యూరపు చుట్టొచ్చినట్టే. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అన్నీ పక్కపక్కనే. వలందులంటే డచ్చివాళ్లు, పరాసులంటే ఫ్రెంచివాళ్లు. ఇక పోర్చుగీసువాళ్లను మా మాస్టారు బుడతకీచులనేవారు. ఆ మాట వినగానే క్లాసంతా గొల్లుమనేది, పాఠం మాత్రం చచ్చేదాకా గుర్తుండిపోయేది. ఇప్పటి పుస్తకాల్లో అన్నీ ఇస్త్రీ పేర్లే. ఒక్కటీ నోటికి తగలదు.

కొడుకు ఉద్యోగం పుణ్యమా అని ఇప్పుడు సూరత్‌లోని కతర్‌గామ్‌లో ఉంటున్నాను. మొన్న సాయంత్రం మనవణ్ణి వెంటబెట్టుకుని కతర్‌గామ్ దర్వాజా దగ్గరి పాత సమాధులకేసి వెళ్లాను. మలబారు మొక్కల మీద పన్నెండు సంపుటాలు తయారుచేయించి 1691లో పోయిన వాన్ రీడ్ దొరది అక్కడే, పెద్ద గుమ్మటం కింద.

"ఇవి వలందుల గోరీలురా" అన్నాను.

"వలందులెవరు తాతయ్యా? డచ్ కదా!" అంటూ ఫోను నా మొహం ముందు పెట్టాడు.

పక్కన అరుగు మీద కూర్చున్న గుజరాతీ ముసలాయన తల తిప్పి, "హా, వలందా!" అన్నాడు. ఆయనకు తెలుగు రాదు, నాకు గుజరాతీ అంతంతమాత్రం. ఆ ఒక్క మాటా ఇద్దరికీ వచ్చు. హాలండును పోర్చుగీసువాళ్లు ఓలాండా అన్నారు. అదే ఇక్కడ వలందా, మనకు వలందులు. ఆ దొరలు 1605లో బందరులో దిగారు, 1616లో సూరత్‌లో కోఠీ పెట్టారు. రెండు రేవుల మధ్య ఇంత చుట్టరికం కలిపిన మాటను వదిలేసి, డచ్చట, డచ్చు!

పాత మాటలన్నీ బంగారమేమీ కాదులెండి. ఫ్రాంకులనే జాతి పేరు అరబ్బుల, పారశీకుల నోళ్లలో నలిగి మన దాకా వచ్చేసరికి పరంగి అయింది. ఇక తెల్లతోలు కనిపిస్తే చాలు, పరంగివాడే. వాడి పేరుతోనే ఫిరంగి పేలింది. వాడి వెంట ఓడ దిగిన సుఖరోగానికి ఆయుర్వేదం ఫిరంగ రోగమని పేరు పెట్టింది.

ఇదంతా మనవడికి చెబుతూ మెట్లెక్కుతుంటే పక్కింటావిడ "కేమ్ ఛో, మద్రాసీ కాకా?" అని పలకరించింది. ఒళ్లు మండిపోయింది. మద్రాసెక్కడ, బందరెక్కడ? ఇంట్లోకొచ్చి సణుక్కుంటుంటే మనవడు అందుకున్నాడు.

"బందరులో బట్టలకొట్టు సేటుని నువ్వు మార్వాడీ అనేవాడివటగా. ఆయనది ఏ ఊరు తాతయ్యా?"

సూరతే. కాఫీ ఇంకా రాలేదేమని కోడలి మీద విసుక్కున్నాను.